సగటు సమర్థుడు

పన్ను ఆఫీసు ఉత్తరంలో ఒక మనిషున్నాడు.
పేరు లేదు.
‘సగటు సామర్థ్యం గల నిర్వాహకుడు’ అని మాత్రం రాశారు.
నా పబ్బును అతని చేతుల్లో పెట్టి తూచారట.
అతనైతే ఏడాదికెంత బీరు పోస్తాడో
ఎన్ని ప్లేట్ల భోజనం అమ్ముతాడో
దాని మీద నాకు పన్ను.

నేను హెస్టర్ ఓల్డ్‌రాయిడ్‌ని.
‘కుంటి గుర్రం’ బోర్డు కింద పంతొమ్మిదేళ్లు.
కాల్డర్ నది రెండుసార్లు నా సెల్లార్ మెట్లు దిగింది.
రెండోసారి పీపాలు తేలి
రాత్రంతా ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే
ఎవరో తలుపు తడుతున్నారనుకున్నాను.
అతని సెల్లార్‌లోకి నీళ్లు రావు.
కాగితం మీద వాన కురవదు.

అతనికి మోకాళ్లు లేవు.
మొగుడి ఆపరేషన్ రోజున పబ్బు మూసెయ్యాల్సిన పని లేదు.
పైగా అతనికి
నా ఒప్పందం లేదు.

గోడలు కంపెనీవి. కప్పు కారితే నాది.
బీరు కంపెనీ దగ్గరే కొనాలి, వాళ్లు చెప్పిన ధరకే.
వెనక సందులో జాబెజ్ కుర్రాళ్లు కాస్తారు బీరు,
పీపా నలభై పౌండ్లు తక్కువ.
గాలి ఇటు తిరిగిన రోజున
ఉడికే మాల్టు వాసన నా వంటింట్లోకే వస్తుంది.
వాసన చూడొచ్చు. కొంటే ఉల్లంఘన.
కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి,
మధ్యలో నేనూ, ఈ కౌంటరూ, ఒక తడిగుడ్డా.

బడ్జెట్ నాడు టీవీ పెద్దగా పెట్టాం.
మంత్రిగారు లేచి
పింటుకు ఒక పెన్నీ తగ్గిస్తున్నాం,
పబ్బులే ఈ దేశానికి గుండెకాయ అన్నారు.
ఎనాక్ బారాక్లఫ్ కోటు జేబులన్నీ వెతికి
ఒక పెన్నీ తీసి కౌంటర్ మీద పెట్టాడు.
“ఇదిగో హెస్టర్, కప్పు బాగు చేయించుకో.”
అందరం నవ్వాం. నేనూ నవ్వాను.
ఆ రాత్రే లెక్క వేశాను:
మహమ్మారి నాటి మాఫీ ముప్పావు నుంచి సగం కిందికి జారింది,
కరెంటు రెట్టింపైంది,
బ్రోనియా జీతం పెరిగింది.
పెరగడం తప్పని నేననను,
పొయ్యి ముందు తొమ్మిది గంటలు నిలబడే పిల్ల.
కానీ ఇచ్చేది మాత్రం గుండెకాయ కాదు కదా,
గల్లాపెట్టె.

ఎనాక్ సంగతి చెప్పాలి.
భార్య పోయినప్పటి నుంచి ప్రతి మంగళవారం వస్తాడు.
అరపింటు, మూడు గంటలు, కిటికీ పక్క బల్ల.
ఒక మంగళవారం రాలేదు.
ఎనిమిదిన్నరకు బార్ బ్రోనియాకి వదిలి
వెళ్లి తలుపు తట్టాను. తియ్యలేదు.
పక్కింటావిడ దగ్గర తాళం చెవి తెచ్చాం.
మెట్ల కింద పడి ఉన్నాడు, పొద్దుటి నుంచి.
సగటు సమర్థుడైతే
ఎనాక్‌ని ఎప్పుడో లేపేసి
ఆ బల్ల దగ్గర నలుగురికి భోజనం వడ్డించేవాడు.
ఆ నలుగురి భోజనానికీ
ఇప్పుడు నేను పన్ను కడుతున్నాను.

కొలవడానికి వచ్చిన కుర్రాడిది తప్పేం లేదు.
బూట్లు తడిసి వచ్చాడు, నిమ్మసోడా తాగాడు,
డబ్బులిస్తానని పట్టుబట్టాడు.
“అతనెవరు బాబూ, ఎక్కడుంటాడు?” అనడిగితే
సిగ్గుపడ్డాడు.
“ఎక్కడా ఉండడండీ. అందుకే అందరికీ సమానం.”

అప్పీలు రాశాను.
సదరు వ్యక్తిని ఒక్క షిఫ్టుకు పంపగలరు.
మంగళవారం అయితే మంచిది.
టార్చి తెచ్చుకోమనండి,
సెల్లార్ స్విచ్ షాక్ కొడుతుంది.

జవాబు వచ్చింది.
పరిశీలనకు పద్దెనిమిది నెలలు పట్టవచ్చు,
ఈలోగా యథావిధిగా చెల్లించగలరు.

ఎనాక్ ఇచ్చిన పెన్నీ
సీసాల వెనక అరలో అలాగే ఉంది.
గల్లాలో వెయ్యలేదు.
వేస్తే
అమ్మకాల్లో చేరుతుంది.